రెండంగుళాలు దించిన పికప్: మూడేళ్ల వాడకం తరువాత

మా డబుల్ క్యాబిన్ పికప్‌ను రెండంగుళాలు కిందికి దింపించి ఈ వేసవికి మూడేళ్లు నిండాయి. కొత్తలో అడిగినవారికీ అడగనివారికీ దాని గొప్పలు చెప్పాను, అవి అబద్ధాలు కావు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కుతోంది, చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లేటప్పుడు బండి ఊగడమూ తగ్గింది. అయితే ఆ గొప్పలన్నీ ఖాళీ బండివేనని తోతాపురి మామిడి కాలం వచ్చేదాకా నాకు తట్టలేదు.

ముందువైపు స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ కడ్డీ బోల్టు వదులు చేయించి, వెనుక కమాన్ కట్టల్లో ఒక్కో పట్టీ తీయించాను. అంతటితో ఆగకుండా, కుదుపు తెలియకూడదని, చక్రం పైకొచ్చినప్పుడు తగిలే బంప్ స్టాపర్ రబ్బర్లను సగానికి కోయించి, అందం కోసం టైరును 20 మి.మీ. బయటికి తెచ్చే ఆఫ్‌సెట్ ఉన్న అలాయ్ చక్రాలు వేయించాను. బండి నిలబెట్టి చూస్తే టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ మూడు వేళ్లు పట్టేంత సందు కనిపించింది.

ఆ జూన్‌లో బంగారుపాళ్యంలో 30 ట్రేల కాయలు ఎత్తుకొని పలమనేరులోని తోడల్లుడి ఇంటికి బయలుదేరాను. మొగిలి ఘాట్‌లో ఎడమ మలుపు తిరిగినప్పుడల్లా కుడివైపు వెనుక నుంచి గరగరమని చప్పుడు వస్తుంటే ట్రేలు రాసుకుంటున్నాయనుకున్నాను; రబ్బరు కాలిన వాసన క్యాబిన్‌లోకి వచ్చాక గానీ ఆపలేదు. టార్చి వేసి చూస్తే మడ్‌గార్డు లోపలి అంచు రంగు పోయి తళతళలాడుతోంది, టైరు బయటి భుజం తోలు ఒలిచినట్లు జానెడు మేర లేచిపోయింది. పది ట్రేలు రోడ్డుపక్క టీకొట్టులో దించి, మిగిలిన దారంతా ఇరవై వేగంతో నడిపాను.

"చక్రం ఎంతవరకు పైకి రావాలో ఆపేది ఆ రబ్బరే కదన్నా, దాన్నే కోసేసి సందు చూసుకుంటే ఎట్లా?" అన్నాడు మరునాడు చిత్తూరు మెకానిక్. సందును బరువు వేసి, ఒకవైపు చక్రాన్ని జాకీతో ఎత్తి కొలవాలి. ముందు చక్రాలకైతే స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పి మరీ చూడాలి. పూర్తి పొడవు రబ్బర్లు, పాత చక్రాలు, తీసేసిన పట్టీలు మళ్లీ వేయించాను. పట్టీల వంపు కాస్త తగ్గించినా వెనుకవైపు అరంగుళం లేచింది కనుక, నిజానికి ఇప్పుడు నేను పొగుడుతున్నది ఒకటిన్నర అంగుళాల బండిని. ఎత్తు తగ్గడంతో, బరువును బట్టి వెనుక బ్రేకుల ఒత్తిడిని మార్చే లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఖాళీ బండినే బరువున్న బండిగా లెక్కగట్టి వానలో చక్రాలు పట్టేసేలా చేసింది. దాని కడ్డీని సరిచేయించడం మరో రోజు పని.

ఇప్పుడు టైరు రాసుకోవడం లేదు గానీ, బరువుతో స్పీడ్ బ్రేకరు దాటితే స్టాపర్ కుదుపు నడుముకు తగులుతుంది. నెలలో ఇరవై అయిదు రోజులు బండి ఖాళీగా తిరుగుతుంది కాబట్టి నేను అలాగే ఉంచుకున్నాను. రోజూ సరుకు తోలే మా తోడల్లుడు తన బండినీ దింపిస్తానంటే మాత్రం, మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ట్రేల లెక్క చెప్పమన్నాను.