నాక్టువా ఎన్‌హెచ్-డీ15: చెన్నై ఎండల్లో, మైకు పక్కన

కంప్యూటర్ ప్రాసెసర్‌ని చల్లబరిచే ఈ కూలర్ గురించి నేను చదివిన సమీక్షలు చాలావరకు ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదుల్లో కూర్చుని రాసినవి. చెన్నై సాలిగ్రామంలో మే నెల మధ్యాహ్నం, పడమటి గోడ కాలిపోతున్న గదిలో ఆ లెక్కలు నడవవు. హీట్‌సింక్, అంటే వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు దిమ్మ, ఎంత గొప్పదైనా గదిలో గాలి కంటే చల్లగా ప్రాసెసర్‌ని ఉంచలేదు. గదిలో ఒక డిగ్రీ పెరిగితే చిప్‌లోనూ దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. అక్కడెవరికో 75 చూపించింది మనకి 87 చూపిస్తుంది. దానికి కూలర్‌ని తిట్టి లాభం లేదు.

నాది డబ్బింగ్ సౌండ్ ఎడిటింగ్. పెద్ద పనులు స్టూడియోలోనే అవుతాయి గానీ, స్క్రాచ్ ట్రాకులు (అసలు గొంతు వచ్చేదాకా పెట్టే తాత్కాలిక రికార్డింగులు), ఒకటీ అరా డైలాగు కరెక్షన్లు, ప్రకటనల తెలుగు వెర్షన్లు ఇంట్లోనే రికార్డు చేస్తాను. రికార్డింగ్ అనగానే ముందు సీలింగ్ ఫ్యాన్ కట్టెయ్యాలి, తర్వాత ఏసీ కట్టెయ్యాలి. అంటే గది నోరెత్తకుండా ఉండాల్సిన గంటే గది ఉడికిపోయే గంట. కంప్యూటర్ ఫ్యాన్లు గట్టిగా తిరగాల్సిందీ అప్పుడే, తిరగకూడనిదీ అప్పుడే. గేములు ఆడుకునేవాళ్లకి ఈ పీకులాట ఉండదు. నాలుగో నంబరులో తిరిగే సీలింగ్ ఫ్యాన్ కింద ఏ కూలరైనా నిశ్శబ్దంగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే అలాంటివాళ్లు దీని మీద ఇంత డబ్బు పెట్టక్కర్లేదు.

నా ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్. డబ్బాలో కూలర్ రాదు, విడిగా కొనుక్కోవాలి. పైన 105 వాట్లు అని ఉంటుంది గానీ, పూర్తి లోడు పడితే 142 వాట్ల దాకా లాగుతుంది. ఎనిమిది కోర్లూ చిటికెన వేలి గోరంత చిప్‌లెట్‌లో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న సిలికాన్ ముక్కలో, ఇరుక్కుని ఉంటాయి. ఆ వేడంతా ఆ కాస్త చోటు నుంచే పైకి రావాలి. అందుకే పైన ఎంత లోహం మోపినా ఒక హద్దు దాటాక పెద్ద తేడా రాదు. ఈ సంగతి ముందే తెలిస్తే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మొదట వాడిన చవక కూలర్ పేరు ఇక్కడ అనవసరం. చల్లబరచడంలో దానికి వంక పెట్టలేను. కానీ బ్రౌజరు తెరిస్తే బుస్సుమనేది, మూస్తే చల్లారేది, మళ్లీ తెరిస్తే మళ్లీ బుస్సు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో డీ15 అడిగితే కొట్టతను లోపలి నుంచి తెచ్చి కౌంటరు మీద పెట్టి, "లైట్ ఎరియాదు సార్, ఓకేవా?" అని రెండు సార్లు అడిగాడు. లైట్లు లేని కూలర్‌కి పదివేలకి కాస్త అటూ ఇటూగా ఇచ్చే మనిషి అతనికి ఎక్కువమంది తగలరనుకుంటాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ గోధుమ రంగు ఫ్యాన్లు చూసి, "పాత మోడల్ అంటగట్టారా?" అంది. మోడల్ పాతదే. 2014లో వచ్చింది. రంగు మాత్రం ఆ కంపెనీ ముద్ర.

వస్తువు సంగతి. రెండు టవర్లు (ఫిన్లు అనే పల్చటి లోహపు రేకుల దొంతరలు), వేడిని వాటిలోకి మోసే ఆరు హీట్‌పైపులు, రెండు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, అన్నీ కలిపి 1,320 గ్రాములు. ఎత్తు 165 మిల్లీమీటర్లు, కాబట్టి సన్న క్యాబినెట్లలో తలుపు మూతపడదు. బిగించడం కష్టం కాదు గానీ మధ్య ఫ్యాన్ తీసి, ఫిన్ల సందులోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ దింపి, రెండు వైపులా కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ రావాలి. ఆ స్క్రూలు ఒక చోటికి వచ్చి ఆగిపోతాయి, ఇంకా బిగించాలా అన్న అనుమానమే రాదు. ఫ్యాన్‌ని పట్టి ఉంచే తీగ క్లిప్పులు మాత్రం వేళ్ల చివర్లను బాగానే పలకరిస్తాయి.

అసలు విషయం ఫ్యాన్ వేగం. ఫ్యాన్ చప్పుడుకి ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. నిమిషానికి 1000 చుట్ల నుంచి 1500కి పెంచితే తొమ్మిది డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. బదులుగా వచ్చేదేమిటి? నా దగ్గర పూర్తి లోడు మీద రెండు డిగ్రీలు, మహా అయితే మూడు. పైన చెప్పిన గోరంత చిప్‌లెట్ మహిమ ఇదే. దారి లోపలే ఇరుకైనప్పుడు బయట గాలి పెంచి ఏం లాభం? ఈ ఫ్యాన్ల గరిష్ఠ వేగం 1500, అప్పుడు కంపెనీ చెప్పే చప్పుడు 24.6 డెసిబెల్స్. డబ్బాలో ఇచ్చే చిన్న అడాప్టర్ తగిలిస్తే 1200కి, 19.2కి దిగుతుంది. అడాప్టర్లు నేను వాడలేదు. మదర్‌బోర్డు సొంత సెట్టింగుల మెనూ, అంటే బయాస్‌లోనే పని అయిపోతుంది.

ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత ఒకటి బయాస్‌లో ఉంటుంది, ఫ్యాక్టరీ వాళ్లు దాన్ని ఏటవాలుగా పెడతారు. రైజెన్ చిప్పులకి అది సరిపడదు. ఏదో ఒక ఫైలు తెరిచేసరికి ఉష్ణోగ్రత 45 నుంచి 60కి ఎగిరి, కన్ను మూసి తెరిచేలోగా కిందికొస్తుంది. ఫ్యాన్ దాని వెంట పరిగెడుతుంది. చెవికి చిరాకు పుట్టించేది చప్పుడు ఎంతుందన్నది కాదు, అది మారుతూ ఉండటం. నిలకడగా వచ్చే ఊదుడుని పది నిమిషాల్లో మరిచిపోతాం, రికార్డింగ్‌లోనూ నాయిస్ రిడక్షన్‌కి లొంగుతుంది. డైలాగు మధ్యలో లేచి పడే ఊదుడు దేనికీ లొంగదు. అందుకని 70 డిగ్రీల దాకా గీతను అడ్డంగా పడుకోబెట్టి 600 దగ్గర ఉంచాను. అక్కడి నుంచి 85కి వెళ్లేసరికి 950. ఆపైన మాత్రమే పూర్తి వేగం. వేగం మారే ముందు కొన్ని సెకన్లు ఆగే ఏర్పాటు కూడా బయాస్‌లో ఉంటుంది. మెనూలో దాని పేరు ఒక్కో బోర్డుకి ఒక్కోలా ఉంటుంది, వెతికి పెట్టుకోండి. నన్నడిగితే కూలర్ మార్చడం కంటే ఈ ఒక్క అమరికే ఎక్కువ పని చేసింది. చవక కూలర్ ఉన్నవాళ్లు ముందు ఇది చేసి చూసి, తర్వాత రిచీ స్ట్రీట్ బండెక్కండి.

ఏసీ 26లో ఉంటే, 142 వాట్లు లాగే రెండరింగ్‌లో ప్రాసెసర్ 82 దగ్గర నిలబడుతుంది. కత్తిరి ఎండల్లో ఏసీ లేకుండా అదే పని పెడితే 90కి తగులుతుంది. ఈ చిప్‌కి హద్దు అదే, అక్కడ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పాడైపోతుందని బెంగ అక్కర్లేదు. అయినా వేసవిలో నేను ఈకో మోడ్ పెట్టేస్తాను. అప్పుడు 88 వాట్లకి మించి లాగదు. పది నిమిషాల రెండర్ పదకొండు అవుతుంది, అంతే నష్టం. గది 33 ఉన్నా 70, 72 దాటకపోవడంతో ఫ్యాన్ దాదాపు 600 దగ్గరే ఉంటుంది. చల్లదనం ఎక్కువ కావాలంటే కూలర్ పెంచాలని అందరూ అంటారు, వేడి తగ్గించే మార్గం ఎవరూ చెప్పరు. చివరి పది శాతం వేగం కోసం వాట్లు దాదాపు అరవై శాతం ఎక్కువ తగలెయ్యడం ఈ ఊళ్లో ఏం తెలివి?

ఇక మైకు. క్యాబినెట్‌ని టేబుల్ మీంచి దించి, మైకు వెనక వైపు, గది అవతలి మూలకి జరిపాను. ఆరుబయట అయితే దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు తిప్పికొడతాయి కాబట్టి అంత రాదు, అయినా దండిగానే వస్తుంది. కార్డియాయిడ్ మైకుకి వెనకాల చెవుడు కదా, అదీ కలిసొస్తుంది. దీనికి పెట్టిన ఖర్చు పొడవాటి కేబుళ్లే.

ఫ్యాన్ నోరు మూయించాక ఒక కొత్త తలనొప్పి మొదలవుతుంది, ముందే చెప్తున్నా. అంతవరకు దాని చాటున దాక్కున్న చప్పుళ్లన్నీ బయటికొస్తాయి. నాకు మొదట వినపడింది హార్డ్ డిస్క్ గిరగిర. తర్వాత లోడు పడినప్పుడు గ్రాఫిక్స్ కార్డు కాయిల్ సన్నటి కూత. డిస్కుని హాల్లోకి పంపి ఇక్కడ ఎస్ఎస్‌డీలే ఉంచుకున్నాను. కూతతో మాత్రం రాజీపడ్డాను, ఎటూ రికార్డింగ్ అప్పుడు గ్రాఫిక్స్ కార్డుకి పనుండదు.

వాటర్ కూలర్ ఎందుకు వద్దన్నానంటే, నీళ్లు తిప్పినా చివరికి వేడి వెళ్లేది ఇదే గది గాలిలోకే. పైగా ప్రాసెసర్‌కి పని లేనప్పుడూ పంపు తిరుగుతూనే ఉండాలి. 250 వాట్లు మింగే ప్రాసెసర్లున్నవాళ్ల సంగతి వేరు.

దుమ్ము విషయంలో చెన్నై గాలికి ఒక గుణం ఉంది. ఉక్కపోత వల్ల పొడిగా ఊడిపోదు, బంకలా అతుక్కుంటుంది. భోగికి ఇల్లు దులిపేటప్పుడు క్యాబినెట్‌నీ బాల్కనీలో పెట్టి బ్లోయర్ కొడతాను, ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని. లేకపోతే గాలికి గిర్రున తిరిగి బేరింగ్ మీద పడుతుంది. డీ15 ఫిన్ల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఊదగానే పోతుంది. ఇన్నేళ్లలో బేరింగ్ నుంచి గరగర రాలేదు. వారంటీ ఆరేళ్లు, ఆ కాగితాలు ఎక్కడ పెట్టానో వెతికే అవసరం ఇంకా పడలేదు.

ఇవాళ కొనాల్సివస్తే ఇదే కొంటానా? కచ్చితంగా చెప్పలేను. 2024లో జీ2 అని దీని తర్వాతిది వచ్చింది, ధర ఇంకా పైన. మరోవైపు థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ ఉంది. అదీ రెండు టవర్లు, ఆరు హీట్‌పైపులే. డీ15కి నేను పెట్టినదాంట్లో సగం కూడా ఉండదు దాని ధర. స్నేహితుడి ఇంట్లో విన్నాను. 800 దాటితే దాని ఫ్యాన్ల గొంతు కొంచెం కరుకు, అంతకు లోపల నాకు తేడా పట్టలేదు. మైకు పని లేనివాళ్లు అది తీసుకుని మిగిలింది ర్యామ్ మీద పెట్టుకోవచ్చు. డీ15 తీసుకునేవాళ్లు మాత్రం ర్యామ్ ఎత్తు చూసి కొనండి. ముందు ఫ్యాన్ కింద 32 మిల్లీమీటర్లే ఖాళీ, తలమీద కిరీటాలున్న స్టిక్కులు పట్టవు. నా స్టిక్కులు ఎత్తు ఎక్కువ కావడంతో ముందు ఫ్యాన్ తీసేసి మధ్య ఫ్యాన్ ఒక్కదానితోనే నడుపుతున్నాను. నష్టం రెండు మూడు డిగ్రీలు. తీసిన ఫ్యాన్ క్యాబినెట్ వెనకాల గాలి బయటికి తోస్తోంది.