జర్మనీ చిన్న ఊళ్లలో అద్దె ఇల్లు బుక్ చేస్తున్నారా? జాగ్రత్త, మాకు జరిగింది చదివి వెళ్లండి

మొన్న సెప్టెంబర్‌లో అమ్మానాన్న తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చారు. మేముండేది న్యూరెంబర్గ్ పక్కనున్న ఎర్లాంగెన్‌లో. వాళ్లకు పాతకాలపు ఊళ్లు చూపిద్దామని బాంబెర్గ్‌లో ఒక రాత్రి, రోథెన్‌బుర్గ్‌లో రెండు రాత్రులు అనుకున్నాం. రోథెన్‌బుర్గ్‌లో తీసుకున్న అద్దె ఇంటి దగ్గర మాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదనే ఇది రాస్తున్నాను. ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తే మనం వంటగది ఉన్న ఇల్లే వెతుకుతాం కదా, అలాంటివాళ్లు తప్పకుండా చదవండి.

ముందు లెక్క చెప్తాను. రాత్రికి 118 యూరోల చొప్పున రెండు రాత్రులకు 236. చివరికి మా జేబులోంచి పోయింది 506. నాన్న దాన్ని రూపాయల్లోకి మార్చి "యాభై వేలా!" అన్నారు. ఆ తర్వాత ఆ పూటంతా మాట్లాడలేదు.

ఆ ఇల్లు మొదట ఒక బుకింగ్ సైట్‌లోనే చూశాను. కోట గోడ లోపల, రెండు పడక గదులు, ఫొటోలు బాగున్నాయి. ఓనర్‌ని ఏదో అడిగితే "నా సొంత వెబ్‌సైట్‌లో నేరుగా బుక్ చేసుకోండి, తక్కువకి ఇస్తాను" అన్నాడు. సరేనని అలాగే చేశాను. అసలు తప్పు అక్కడే జరిగింది. ఆయన పంపిన మెయిల్లో ధర కింద చిన్న అక్షరాల్లో "త్సుత్స్యూగ్లిష్ నేబెన్‌కోస్టెన్" అని ఒక ముక్క ఉంది. అదనపు ఖర్చులు వేరు అని దాని అర్థం. అవెంతో ఎక్కడా రాయలేదు, నేనూ అడగలేదు.

మేం వెళ్లింది ఆదివారం. బాంబెర్గ్ నుంచి న్యూరెంబర్గ్, అన్స్‌బాఖ్, ష్టైనాఖ్ మీదుగా వెళ్లాలి. ష్టైనాఖ్‌లో చిన్న రైలెక్కితే పావుగంటలో రోథెన్‌బుర్గ్. మధ్యలో ఒక రైలు ఆలస్యమై తర్వాతది తప్పిపోయింది. ఐదింటికి చేరాల్సినవాళ్లం 5:40కి చేరాం. దారిలో ఉన్నామని మెసేజ్ కూడా పెట్టాను. రాళ్లు పరిచిన వీధిలో రెండు సూట్‌కేసులు లాక్కుంటూ, అమ్మ మోకాళ్ల నొప్పితో ఆగి ఆగి నడుస్తూ వెళ్లేసరికి, గుమ్మంలో ఆయన ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

క్లీనింగ్‌కి 75. దుప్పట్లు, తువ్వాళ్లకి మనిషికి 14 చొప్పున నలుగురికి 56. సిటీ టాక్స్ అంటూ మనిషికి రాత్రికి 3 చొప్పున 24. ఐదు దాటి వచ్చినందుకు 25. మొత్తం 180. ఇవి కాక డిపాజిట్ 200. అన్నీ క్యాష్‌లోనే, కార్డు తీసుకోనన్నాడు. అమ్మానాన్నలను, మా ఆవిడను గుమ్మం దగ్గర నిలబెట్టి నేను ఏటీఎం వెతుక్కుంటూ వెళ్లాను. పెద్దవాళ్లతో వీధిలో ఉంటే ఎవరైనా ఏం బేరమాడతారు? చేతిలో పెట్టేశాను. రసీదు అడిగితే "రేపిస్తాను" అన్నాడు. ఇవ్వలేదు.

ఇక తిండి సంగతి. ఆదివారం జర్మనీలో సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయని ఇక్కడున్నవాళ్లందరికీ తెలుసు. అందుకని ఆ రాత్రి బయటే తిన్నాం. నాన్న పూర్తి శాకాహారి. వేయించిన బంగాళాదుంపలు తెప్పించేముందు మాంసం ఉందా అని అడిగాను. లేదన్నారు. నాన్న రెండు ముద్దలు తిన్నాక ఫోర్క్‌తో ఒక చిన్న గులాబీ రంగు ముక్కను పక్కకు తీసి "ఇదేంట్రా?" అన్నారు. ష్పెక్, అంటే పంది మాంసం ముక్కలు. చాలాచోట్ల వాళ్ల లెక్కలో ష్పెక్ అనేది రుచి కోసం వేసేదే తప్ప మాంసం కిందకి రాదు. వాళ్లు కావాలని మోసం చేశారని అనను. కానీ మనవాళ్లు "వెజిటేరియనా?" అని అడిగి ఊరుకోవద్దు. "ఓనే ష్పెక్, ఓనే ఫ్లైష్‌బ్రూయె" అని అడగండి. ష్పెక్ లేకుండా, మాంసం ఉడికించిన నీళ్లు లేకుండా అని. సూపుల్లోనూ, ఈ వైపు బంగాళాదుంప సలాడ్‌లోనూ తరచుగా ఆ నీళ్లే పోస్తారు.

నాన్న ఆ రాత్రి అరటిపండు తిని పడుకున్నారు. అందుకే సోమవారం అమ్మ "నేను వండుతాను" అంది. పప్పు, పొడులు, పోపు డబ్బా వెంట తెచ్చుకుంది. కూరగాయలు కొనుక్కొచ్చాం. పప్పుచారులోకి పోపు పెట్టింది. నూనెలో ఆవాలు చిటపటమని, ఎండుమిర్చి నల్లబడే లోపే పైకప్పుకున్న పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. అది సరిగ్గా పొయ్యికి రెండడుగుల దూరంలో ఉంది. అమ్మ గరిటె పట్టుకుని అలాగే కొయ్యబారిపోయింది. నేను కుర్చీ ఎక్కి బటన్ నొక్కాను, మా ఆవిడ కిటికీలు తెరిచింది, రెండు నిమిషాల్లో ఆగిపోయింది. అంతే జరిగింది. ఎక్కడా మరక లేదు, ఏదీ కాలలేదు.

మంగళవారం పొద్దున ఖాళీ చేసేటప్పుడు ఓనర్ వచ్చాడు. కర్టెన్ ఒకటి చేతిలోకి తీసుకుని మూడుసార్లు వాసన చూశాడు. "కర్రీ వాసన, స్పెషల్ క్లీనింగ్ చేయించాలి" అంటూ డిపాజిట్‌లో 90 పట్టుకుని 110 చేతిలో పెట్టాడు. నేను వాదించాను. వంటగది ఇచ్చి వండొద్దంటే ఎలా అన్నాను. పలకలేదు.

డబ్బు పోతే పోయింది. అమ్మకు జర్మన్ రాదు కానీ, ఆ కర్టెన్ వాసన చూడడం అర్థం కాకుండా ఉండదు కదా. రైల్లో "నావల్లే కదరా" అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఉన్న మూడు వారాలూ పోపు పెట్టే ప్రతిసారీ "వేయొచ్చా?" అని అడిగేది. నా ఇంట్లో, నా వంటగదిలో. ఇది తలచుకుంటేనే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

జర్మన్లందరూ ఇంతే అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ముందు రోజు బాంబెర్గ్‌లో ఒక చిన్న గాస్ట్‌హోఫ్‌లో, అంటే తిండీ గదీ రెండూ దొరికే సత్రంలాంటి చోట, దిగాం. నాన్న టిఫిన్ బల్ల మీది మాంసం ముక్కలు చూసి ఉత్త బ్రెడ్ తింటుంటే, దాన్ని నడిపే పెద్దావిడ ఏమీ అడక్కుండానే లోపలికి వెళ్లింది. వేడి వేడిగా ఉడికించిన బంగాళాదుంపలు, పచ్చి ఆకులు కలిపిన క్వార్క్ తెచ్చి పెట్టింది. క్వార్క్ అంటే మన గట్టి పెరుగులాంటిదే. నాన్న దాన్ని పెరుగన్నంలా ఇష్టంగా తిన్నారు. వెళ్లేటప్పుడు రైల్లోకని నాలుగు యాపిల్స్ ఇచ్చింది. బిల్లు మాత్రం ముందు చెప్పినంతే, ఒక్క సెంటు ఎక్కువ లేదు. దుప్పట్లు, క్లీనింగ్, టిఫిన్ అన్నీ అందులోనే. ఒకటి రెండు రాత్రులకైతే ఇలాంటి గాస్ట్‌హోఫ్‌లే నయం అని ఇప్పుడు గట్టిగా చెప్తాను.

ఇంటికి వచ్చాక కూర్చుని చదివితే తెలిసింది. జర్మనీ ధరల చట్టం ప్రకారం తప్పనిసరిగా కట్టాల్సిన క్లీనింగ్ లాంటి ఖర్చులు ముందు చూపించే మొత్తంలోనే కలిసి ఉండాలి. రోథెన్‌బుర్గ్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ఊళ్లు బస చేసేవాళ్ల మీద పన్ను వేయకుండా 2023లోనే నిషేధించారు. ఫ్యూసెన్ లాంటి ఆరోగ్య విడిది ఊళ్లలో వసూలు చేసే కూర్‌టాక్సె వేరు. దానికి గెస్ట్ కార్డు ఇస్తారు. మా దగ్గర తీసుకున్న 24కి ఏ కాగితమూ లేదు. ఇక వంట విషయానికొస్తే, అద్దెకిచ్చిన ఇంటిని మామూలుగా వాడుకుంటే వచ్చే మార్పులకు అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారని జర్మన్ సివిల్ కోడ్ 538వ సెక్షన్ చెబుతోంది. ఇవన్నీ ఆ గుమ్మం దగ్గర తెలిసుంటే కథ వేరేలా ఉండేది.

కాబట్టి సైట్ దాటి బయట బుక్ చేసుకోమంటే, పది యూరోలు తగ్గినా వద్దు. నేను ఆ సైట్‌కి ఫిర్యాదు చేస్తే "మా ద్వారా బుక్ చేయలేదు కదా" అని ఒక్క లైన్‌లో తేల్చేశారు. డబ్బు కట్టేముందు "నలుగురికి, రెండు రాత్రులకు, క్లీనింగ్, దుప్పట్లు, టాక్స్ అన్నీ కలిపి మొత్తం ఎంత?" అని మెయిల్లో అడగండి, జవాబు దాచుకోండి. రైలు ఆలస్యమైతే తాళం ఎలా ఇస్తారో కూడా అందులోనే అడగండి, ఎందుకంటే ఇక్కడ రైళ్లు ఆలస్యమవుతాయి. క్యాష్ ఇస్తే అక్కడికక్కడే "క్విటుంగ్" అడగండి. రసీదు చేతికి వచ్చేదాకా నోట్లు వదలొద్దు. లోపలికి అడుగు పెట్టగానే ఒకసారి, ఖాళీ చేసేముందు ఒకసారి ఫోన్‌లో వీడియో తీయండి. మన వంట వండే ఆలోచన ఉంటే ఆ మాట ముందే రాసి సరేననిపించుకోండి. చెప్పడానికి మొహమాటం వేస్తుంది, తెలుసు. అయినా చెప్పండి.

రోథెన్‌బుర్గ్ వెళ్లొద్దని అనడం లేదు. 1945 మార్చి 31న బాంబులు పడి ఊళ్లో పెద్ద భాగం కూలిపోతే, తిరిగి కట్టడానికి ప్రపంచం నలుమూలల నుంచి డబ్బు పంపినవాళ్ల పేర్లు ఆ కోట గోడ రాళ్ల మీద చెక్కి ఉంటాయి. నాన్న గంటసేపు ఒక్కో పేరూ చదువుతూ నడిచారు. ఆ ట్రిప్‌లో ఆయన మనసారా నవ్వింది అక్కడే.

90 డిపాజిట్, 24 టాక్స్ తిరిగివ్వమని రెండు వారాల గడువు పెట్టి ఆ ఓనర్‌కి రిజిస్టర్డ్ లెటర్ పంపాను. గడువు వచ్చే శుక్రవారంతో అయిపోతుంది. ఇవ్వకపోతే వినియోగదారుల సలహా కేంద్రం, వెర్‌బ్రౌఖర్‌త్సెంట్రాలెకి వెళ్తాను. ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.