కొనుగోలు, అమ్మకం లెక్కలపై వీడియో పాఠాలు: సమీకరణం బాగుంది, సమాధానంలోనే తొందర

వర్గ సమీకరణాన్ని సాధించడం చక్కగా వచ్చిన విద్యార్థులు కూడా కొనుగోలు, అమ్మకాలపై వచ్చే పద సమస్యల దగ్గర తడబడుతుంటారు. మాటల్లో ఉన్న లెక్కను సమీకరణంగా మార్చడం వేరే విద్య. దానికోసమే రూపొందించిన ఒక వీడియో పాఠాల వరుసనూ, దానితో ఇచ్చే అభ్యాస పుస్తకాన్నీ పూర్తిగా చూశాక రాస్తున్న సమీక్ష ఇది.

మొదటి పాఠంలోని లెక్క పాతదే. 600 పెట్టి కొన్ని పుస్తకాలు కొన్నారు. ఒక్కోదాని వెల 5 తగ్గి ఉంటే అదే సొమ్ముకు ఇంకో 4 వచ్చేవి. బోధకులు ఇక్కడ తొందరపడకుండా, పుస్తకాల సంఖ్యను 'న' అనుకుంటే న² + 4న − 480 = 0 అనీ, వెలను 'వ' అనుకుంటే వ² − 5వ − 750 = 0 అనీ రెండు దారులూ చూపి, మొదటిదానిలో 20, రెండవదానిలో 30 వస్తాయని, రెండూ ఒకే కొనుగోలును చెబుతున్నాయని గుణించి మరీ నిరూపిస్తారు. దేన్ని చలరాశిగా తీసుకోవాలన్న భయం ఈ ఒక్క పాఠంతో పోతుంది.

అయితే మిగిలిన మూలాలు −24, −25 రాగానే "రుణ సంఖ్య కనుక వదిలేద్దాం" అని కొట్టివేస్తారు. వదిలేయడం సరైనదే, కానీ గుర్తు తీసి చూస్తే అవి వెల తగ్గాక వచ్చే 24 పుస్తకాలు, వాటి ఒక్కోదాని వెల 25. లెక్కను తిరగేసి, వెల 5 పెరిగితే 4 తగ్గాయని అడిగితే వచ్చే సమాధానాలు అవే. ఇంత అందమైన విషయాన్ని ఒక్క వాక్యంలోనైనా చెప్పకపోవడం నాకు లోపంగానే తోచింది.

అభ్యాస పుస్తకంలో లెక్కలకు కొరత లేదు. కానీ అన్నింటికీ పూర్ణాంకాలే మూలాలుగా రావడంతో కారణాంక పద్ధతి తప్ప వర్గ సమీకరణ సూత్రం వాడే అవసరమే రాదు.

లాభనష్టాల పాఠంలో ఈ తొందర తప్పుగా మారింది. కొన్న వెల ఎంతో లాభ శాతమూ అంతే అయి, 24కి అమ్మితే కొన్న వెల ఎంత అన్న లెక్కకు −120ని వదిలి 20 అని సరిగ్గానే తేల్చారు. ఆ వెంటనే లాభానికి బదులు నష్టం పెట్టి అదే లెక్కను ఇచ్చారు. కొన్న వెలను 'క' అనుకుంటే అప్పుడు వచ్చే క² − 100క + 2400 = 0 సమీకరణానికి మూలాలు 40, 60. 40లో 40 శాతం పోయినా 24 మిగులుతుంది, 60లో 60 శాతం పోయినా 24 మిగులుతుంది. కనుక రెండూ సమాధానాలే. అమ్మిన వెల 25 దాటితే విచక్షణి (సూత్రంలో వర్గమూలం కింద ఉండే విలువ) రుణాత్మకమై అసలు సమాధానమే ఉండదన్న మంచి చర్చకు కూడా ఇక్కడ చోటుంది. పాఠం ఆ జోలికి పోలేదు సరికదా, అలవాటుగా ఒక మూలాన్ని కొట్టివేసింది. పుస్తకం చివరి జవాబుల పట్టికలోనూ 40 ఒక్కటే అచ్చయింది; రెండు మూలాలనూ సరిచూసి 60 కూడా రాసిన విద్యార్థి, ఆ పట్టికతో పోల్చుకుని తన సరైన లెక్కనే దిద్దుకుంటాడు.