లిఫ్ట్ ఉందన్నారు

ఆస్పత్రికి రెండు నిమిషాల నడక, ఎప్పుడు తిప్పినా వేడి నీళ్ళు, పైగా లిఫ్ట్. లాడ్జివాళ్ళు ఫోన్‌లో చెప్పిన మూడు మాటల్లో మొదటిది నిజం. రెండోది పొద్దున అరగంట సేపు నిజం. ఇక లిఫ్ట్ అంటారా, ఉంది. దాని ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ అడ్డంగా పెట్టి ఉంది.

మాకిచ్చింది మూడో అంతస్తు. నాలుగు రాత్రుల అద్దె ముందే కట్టించుకున్నాక ఆ సంగతి చెప్పారు. మెట్లు లెక్కపెట్టాను, యాభై నాలుగు.

అమ్మకు రెటీనా, అంటే కంటి లోపలి చూపు పొర, ఊడింది. కంటికి పక్కనుంచి నల్లటి తెర పడుతోందని అంటే కళ్ళద్దాలు తుడిచిచ్చి రెండు రోజులు ఊరుకున్నాం. ఆ తప్పు మాది. ఆపరేషన్ చేసి, ఊడిన పొర మళ్ళీ అతుక్కునేదాకా నొక్కిపెట్టి ఉంచడానికి కంట్లో గ్యాస్ నింపారు. గ్యాస్ ఎప్పుడూ పైకే తేలుతుంది, రెటీనా ఏమో కంటి వెనక గోడకు ఉంటుంది. అందుకని మనిషి తల వంచుకునే ఉండాలి. గంటకు యాభై నిమిషాలు వంచి, మిగతా పది నిమిషాల్లో తిండి, బాత్రూము. రాత్రి బోర్లా. వెల్లకిలా అసలు పడుకోకూడదు. ఇలా ఏడు రోజులు.

ఆస్పత్రి గురించి పెద్దగా రాయడానికి లేదు, అంత సాఫీగా జరిగిపోయింది. వచ్చేటప్పుడు నర్సు అమ్మ మణికట్టుకు ఒక పట్టీ కట్టి, "గ్యాస్ పోయేదాకా ఇది తీయకండి. విమానం ఎక్కకూడదు, కొండల మీదికి వెళ్ళకూడదు. ఇంకేదైనా ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి వస్తే ముందు ఈ పట్టీ చూపించండి" అంది. అప్పుడు అన్నయ్య మొహం చూడాలి. తిరుగు ప్రయాణానికి విమానం టికెట్లు వాడి ఫోన్లో ఉన్నాయి మరి. "గంటన్నర ప్రయాణమే కదండీ" అన్నాడు. పైకి వెళ్ళేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుందట, కంట్లో గ్యాస్ ఉబ్బుతుందట. అది ఉబ్బడానికి కంట్లో చోటెక్కడిది? ఒత్తిడి పెరిగి, ఉన్న చూపు కూడా పోవచ్చు. టికెట్లు రద్దు చేస్తే మూడో వంతు డబ్బు వెనక్కి వచ్చింది. ఆ తర్వాత వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. మీకెవరికైనా ఈ ఆపరేషన్ ఉంటే గ్యాస్ పెడతారా అని ముందే అడగండి, తిరుగు టికెట్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

రెండో రాత్రి ఒంటిగంటకు అమ్మ లేపింది. కన్ను పోటు, ఆ వైపు తలంతా నొప్పి. నొప్పి మాత్ర వేస్తే వాంతైపోయింది. ఆపరేషన్ అయిన కన్నులో నొప్పి పెరిగి, ఎరుపెక్కి, చూపు తగ్గితే చీము పట్టడం కావచ్చని ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితంలో చదివి ఉన్నాను. చూపు తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది? గ్యాస్ వల్ల అసలే చెయ్యి ఊపితే మసగ్గా తెలియడం తప్ప ఏమీ కనిపించదు. కాగితం కింద ఉన్న రాత్రి నంబరుకు ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు, "వెల్లకిలా పడుకున్నారా? వాంతి అయిందా? వెంటనే తీసుకురండి" అన్నాడు.

యాభై నాలుగు మెట్లు. తల ఎత్తకూడదు కాబట్టి అమ్మ ఒక్కో మెట్టూ చూసుకుంటూనే దిగింది, అదొక్కటే మా అదృష్టం. కింద షట్టర్‌కు తాళం. రిసెప్షన్ కుర్రాడు దుప్పటిలోంచే "ఐదింటికి తీస్తాం మేడం" అన్నాడు. పేషెంటు అని చెప్పినా ఓనరుకు ఫోన్ చేయాలన్నాడు. ఓనరు ఎత్తలేదు. పావుగంట. మధ్యాహ్నం నుంచి మూతి ముడుచుకుని ఉన్న అన్నయ్య ఆ పావుగంటలో మొదటిసారి నోరు విప్పాడు, ఏమన్నాడో ఇక్కడ రాయలేను. తాళం మాత్రం వచ్చింది.

చీము కాదు. కంటి ఒత్తిడి. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాల్సింది 42 ఉంది. గ్యాస్ పెట్టాక ఇలా పెరగడం ఉన్నదేనట, ఆలస్యం చేయకుంటే చాలట. చుక్కలు వేసి, మాత్ర మింగించి రెండు గంటలు కూర్చోబెట్టారు. 24కి దిగింది. ఇంతలో అమ్మ వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతున్నాయంది, నాకు మళ్ళీ గుండె జారింది. ఆ మాత్రకు అలాగే ఉంటుందని నర్సు నవ్వింది. ఎవరో ఒకరు ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది.

తెల్లారాక రెండు సందుల అవతల ఒక ముసలాయన నడిపే చిన్న సత్రంలోకి మారాం. గదిలో ఏమీ లేదు, కింది అంతస్తు తప్ప. అమ్మ వంగి కూర్చోడానికి వీలుగా ఆయన తన బల్ల తెచ్చి వేసి, తల ఆనించుకోడానికి దిండు మడిచిచ్చాడు. అద్దె లాడ్జిలో సగం. లాడ్జివాళ్ళు మిగిలిన రెండు రాత్రుల డబ్బు ఇవ్వలేదు. అన్నయ్య ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

రైలు పద్నాలుగు గంటలు. కొండలు లేని దారే చూసుకున్నాం. లోయర్ బెర్త్ ఒకటే దొరికితే, ఎదురు బెర్త్ కాలేజీ అమ్మాయి తనది నాకిచ్చి పైకెక్కింది. అమ్మ ఆ పిల్ల మొహం చూడలేదు. "నీలం చెప్పులమ్మాయి" అనే అంటుంది. ఆ వారమంతా అమ్మకు మనుషులంటే పాదాలే. టీసీ బూట్లకు పాలిష్ లేదని కూడా చెప్పింది.

ఇంటికొచ్చాక మూడో వారంలో, కంట్లో పైనుంచి ఒక గీత దిగుతోందని అంది. గ్యాస్ తగ్గుతున్న గుర్తు అదేనని, పూర్తిగా పోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి సరిపోయింది, లేదంటే ఆ రాత్రే మళ్ళీ రైలెక్కేదాన్ని. గీతకు పైన ఉన్నదంతా తేటగా కనిపిస్తుంది. కుర్చీలో వెనక్కి వాలి అమ్మ అటే చూస్తూ కూర్చుంది కాసేపు.

"ఆ ఫ్యాను రెక్కలు ఎన్నాళ్ళయిందే తుడిచి?" అంది.