ఆకాశం చూపే యాప్‌లు: ఏడేళ్లు వాడాక

ఫోన్ పైకెత్తితే ఎదురుగా ఉన్న చుక్క పేరు చెబుతుందని విని 2018 చివర్లో మొదటి యాప్ వేసుకున్నాను. ఈ ఏడేళ్లలో వేసుకున్నవీ తీసేసినవీ కలిపి ఇరవై దాకా ఉంటాయి. ఇప్పుడు నా ఫోన్‌లో నాలుగే ఉన్నాయి: స్టెల్లేరియం, స్కైసఫారి, స్కై మ్యాప్, హెవెన్స్ అబవ్. మొదట ఏ పని కోసం వేసుకున్నానో ఆ పనికి వీటిని ఇవాళ దాదాపుగా వాడడం లేదు. అప్పట్లో అసలు తట్టని ఇంకో పనికి మాత్రం ఇవి లేకుండా నాకు ఒక్క వారం గడవదు.

ముందు ఆ పేరు చెప్పే పని సంగతి. 2019 జూన్‌లో ఒక రాత్రి మేడ మీద ఇనుప రెయిలింగ్‌కు ఆనుకుని నిలబడి తమ్ముడికి ఆకాశం చూపిస్తున్నాను. బాగా వెలుగుతున్న ఒక చుక్క వైపు ఫోన్ ఎత్తితే దాని మీద ఆంటారెస్ అని పడింది. అంటే మన జ్యేష్ఠ. అదే చెప్పాను. వాడు కాసేపు అటే చూసి, "అక్కా, జ్యేష్ఠ ఎర్రగా ఉంటుందన్నావుగా? ఇది తెల్లగా ఉంది. మిణుకుమనడం కూడా లేదు" అన్నాడు. వాడన్నదే నిజం. అది గురుడు. ఆ రోజుల్లో గురుడికీ జ్యేష్ఠకూ మధ్య దూరం 11 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండేది. అసలు జ్యేష్ఠ ఆ పక్కనే, గురుడి కంటే ఎంతో మసగ్గా, ఎర్రగా ఉంది. ఫోన్‌లోని దిక్సూచి ఆ కాస్తా తప్పేసరికి పేర్లన్నీ పక్కకు జరిగిపోయాయి.

ఎందుకలా జరుగుతుందో తెలుసుకున్నాక నా వాడకమే మారింది. ఫోన్ ఎంత పైకి వాలి ఉందో యాక్సిలరోమీటర్ చెబుతుంది. అది గురుత్వాకర్షణను ఆధారం చేసుకుంటుంది కాబట్టి పెద్దగా తప్పదు. ఎటు తిరిగి ఉందో చెప్పాల్సింది మాగ్నెటోమీటర్, అంటే ఫోన్‌లోని దిక్సూచి. దానికి ఆధారం భూమి అయస్కాంత క్షేత్రం. అది నేల మీద 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్య ఉంటుంది, చాలా బలహీనం. ఫోన్ కవర్ మూతకు ఉండే చిన్న అయస్కాంతం, కారు బానెట్, ఇనుప కుర్చీ, ఏది దగ్గరున్నా దాన్ని పక్కకు లాగేస్తుంది. అందుకే యాప్ పొరపాటు ఎప్పుడూ పక్కకే వస్తుంది, పైకీ కిందికీ రాదు. చుక్క ఎత్తు సరిగ్గా ఉండి దిక్కు మాత్రమే తేడాగా ఉంటే తప్పు దిక్సూచిదే అనుకోండి. ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకెలా తిప్పడం కొంత పనిచేస్తుంది. అంతకన్నా బాగా పనిచేసేది కవర్ తీసేసి, ఇనుముకు నాలుగడుగులు దూరం జరగడం. ఫోన్ తిప్పితే పటం కూడా తిరిగే సెన్సార్ మోడ్‌ను నేను ఇప్పుడు పూర్తిగా ఆపేస్తాను. బాగా తెలిసిన ఒక చుక్కను పట్టుకుని, పటాన్ని వేలితో తిప్పి దానికి సరిచేసుకుని, అక్కడి నుంచి మిగతావి వెతుక్కుంటాను. పేర్లు గుర్తుండడం మొదలైంది కూడా ఇలా వెతకడం మొదలుపెట్టాకే.

ఈ చిక్కును తప్పించే దారి ఒకటుంది. సెలెస్ట్రాన్ వాళ్ల స్టార్‌సెన్స్ ఎక్స్‌ప్లోరర్ టెలిస్కోపులకు ఫోన్ తగిలించే ఒక అమరిక ఉంటుంది. అందులో ఫోన్ కెమెరా ఆకాశాన్ని ఫోటో తీస్తుంది, ఆ చుక్కల అమరికను తన దగ్గరున్న పటంతో పోల్చి టెలిస్కోపు ఎటు చూస్తోందో తేల్చుకుంటుంది. దిక్సూచి మీద ఆధారపడదు. స్నేహితురాలి దగ్గర రెండు రాత్రులు వాడి చూశాను. ఫోన్‌ను గురి చూడడానికి వాడాలంటే ఇదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తికమకపడే చోట్లు ఇంకో రెండున్నాయి. ఒకటి పరిమాణం. తెర మీద ఓరియన్ నక్షత్ర మండలం అరచేతిలో పట్టేస్తుంది. ఆకాశంలో అది చాలా పెద్దది. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి పట్టుకుంటే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఓరియన్ భుజం దగ్గరి బీటెల్‌జూస్ నుంచి కాలి దగ్గరి రైజెల్ దాకా దాదాపు రెండు పిడికిళ్లు పడుతుంది. ఈ కొలత తెలియక నేను మొదట్లో నక్షత్ర మండలాలన్నిటినీ చిన్న చిన్న గుంపుల్లో వెతికేదాన్ని. రెండోది చుక్కల సంఖ్య. కంటికి కనిపించే వెలుగును మాగ్నిట్యూడ్‌లో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది. 6.5 దాకా లెక్కేస్తే ఆకాశం మొత్తం మీద తొమ్మిది వేల చిల్లర చుక్కలుంటాయి. 4 దగ్గర ఆపేస్తే మిగిలేవి ఐదు వందల చిల్లర. వీధి దీపాల మధ్య నిలబడినవాళ్లకు కనిపించేది ఈ రెండో ఆకాశమే, యాప్ చూపించేది మొదటిది. రెంటినీ పోల్చుకోలేక విసిగి మానేసిన వాళ్లను చూశాను. సెట్టింగుల్లో చుక్కల పరిమితినో కాంతి కాలుష్యం స్థాయినో మార్చే వీలుంటుంది. తెర మీది ఆకాశం మీ నెత్తిమీది ఆకాశంలా కనిపించే దాకా తగ్గించుకోండి. రాశుల మీద వేసే రంగు బొమ్మలు కూడా ఆపేయండి, అవి చుక్కలను మింగేస్తాయి.

చీకటి గురించి నేను కొంచెం పట్టుదలగానే ఉంటాను. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి. అది పోవడానికి ఒక్క తెల్లని తెర, కొన్ని సెకన్లు చాలు. అందుకే దాదాపు యాప్‌లన్నీ ఎర్ర మోడ్ ఇస్తాయి. మసక వెలుతురులో చూపునిచ్చే కంటి కణాలకు ఎరుపు దాదాపుగా తగలదు. అయితే చాలా యాప్‌లలో ఎరుపు ఆ యాప్ గీసే పటం వరకే ఉంటుంది. వెతకడానికి కీబోర్డు తెరిస్తే అది తెల్లగా మొహం మీద పడుతుంది. ఒక యాప్‌లోనైతే అరగంట చీకట్లో కూర్చుని ఆండ్రోమెడా గెలాక్సీని వెతుకుతుండగా తెర నిండా తెల్లని ప్రకటన వచ్చింది. ఆ రాత్రి ఇంకేమీ కనిపించలేదు. మర్నాడే దాన్ని తీసేశాను. ఐఫోన్ ఉన్నవాళ్లు యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో కలర్ ఫిల్టర్స్‌కు వెళ్లి తెర మొత్తాన్ని, కీబోర్డుతో సహా, ఎర్రగా చేసుకోవచ్చు. ఏ ఫోన్‌కైనా పనికొచ్చే ఉపాయం ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు పొరలుగా తెర మీద అంటించడం. నేటికీ నేను చేసేది ఇదే. ఓఎల్ఈడీ తెరలో నలుపు ఉన్న చోట వెలుగు అసలు రాదు. పాత ఎల్‌సీడీ తెర నల్లగా ఉన్నప్పుడు కూడా వెనక నుంచి లీలగా వెలుగుతూనే ఉంటుంది.

యాప్ చూపించేది ఆకాశం కాదు, జాబితా. ఈ తేడా నాకు 2020 జనవరిలో బాగా ఒంటబట్టింది. ఆర్ద్ర నక్షత్రం, అదే బీటెల్‌జూస్, మామూలుగా 0.5 మాగ్నిట్యూడ్‌కు దగ్గరగా ఉంటుంది, రోహిణి కంటే స్పష్టంగా ఎక్కువ వెలుగుతుంది. ఆ చలికాలంలో అది తగ్గుతూ వచ్చి రోహిణి కంటే మసగ్గా తయారైంది. ఫిబ్రవరికల్లా 1.6 దాకా పడిపోయి, ఓరియన్ రెండో భుజం దగ్గరి బెల్లాట్రిక్స్‌తో సమానంగా నిలిచింది. నా యాప్‌లలో మాత్రం అది ఎప్పటిలాగే మెరుస్తూ ఉంది. తెరనూ ఆకాశాన్నీ మార్చి మార్చి చూసుకున్నాను. నక్షత్రం ఉపరితలంలో కొంత భాగం చల్లబడి, అది విసిరిన వాయువు ధూళిగా మారి మనవైపు అడ్డం వచ్చిందని ఆ తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు. అల్గాల్ చుక్క కూడా ఇలాగే: 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి 2.1 నుంచి 3.4 దాకా మసకబారి మళ్లీ కోలుకుంటుంది. పటంలో మాత్రం దాన్ని ఒకే సైజు చుక్కగా గీసేస్తారు. అలాంటివాటికి కన్నే నమ్మకం. పక్కనున్న అల్మాక్‌తో పోల్చుకుంటే చాలు.

జాబితా పాతబడే చోట ఇబ్బంది ఇంకా ఎక్కువ. నియోవైజ్ తోకచుక్కను కనిపెట్టింది 2020 మార్చిలో, అది కంటికి కనిపించింది జూలైలో. ఈ మధ్యలో అప్‌డేట్ కాని యాప్‌లో దాని పేరే ఉండదు. ఉన్నవాటిలో కూడా తోకచుక్కల వెలుగు సూత్రం ప్రకారం వేసిన అంచనా మాత్రమే. అంతరిక్ష కేంద్రం లాంటి ఉపగ్రహాలైతే కొన్ని రోజుల పాత కక్ష్యా వివరాలతోనే తేడా వచ్చేస్తాయి, ఎందుకంటే దాన్ని అప్పుడప్పుడు ఇంజన్లతో పైకి నెడుతుంటారు. ఒకసారి వారాలుగా అప్‌డేట్ చేయని యాప్‌ను నమ్మి బయటికొస్తే అది అప్పటికే దాటిపోయింది. అప్పటి నుంచి ఉపగ్రహాలకు హెవెన్స్ అబవ్ తప్ప ఇంకోటి వాడలేదు. కేంద్రం ఏ నిమిషానికి ఎక్కడ కనిపిస్తుందో, నడి ఆకాశంలో ఎక్కడ భూమి నీడలోకి మునిగి మాయమవుతుందో దాని పటంలో చూసుకుని బయటికెళ్తే చెప్పినట్టే జరుగుతుంది.

ఇక నన్ను కట్టిపడేసిన పని. అది కాలాన్ని జరపడం. చాలా యాప్‌లలో ఒక మూల గడియారం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి గంటలు, రోజులు, ఏళ్లు ముందుకూ వెనక్కూ తిప్పవచ్చు. మొదటి ఏడాదంతా దాన్ని ముట్టుకోలేదు. ఒక వానాకాలం, మబ్బులు వీడని రోజుల్లో, ఇంట్లో కూర్చుని రోజుకొక అడుగు చొప్పున నొక్కుతూ పోయాను. ఒకే గంటకు కృత్తికలు ప్రతి రోజూ కాస్త పడమరకు జరుగుతున్నాయి. ఒక చుక్క ఇవాళ ఉదయించిన వేళ కంటే రేపు నాలుగు నిమిషాలు ముందు ఉదయిస్తుందని చదివి ఉన్నాను గానీ, పదిహేను నొక్కులకు గంట, ముప్పై నొక్కులకు రెండు గంటలు అని వేలికి తెలిసింది అప్పుడే. 2020 సెప్టెంబరు 9 నుంచి నవంబరు మధ్య దాకా కుజుడు చుక్కల మధ్య వెనక్కి, అంటే తూర్పుకు బదులు పడమరకు నడిచాడు. వారానికోసారి కాగితం మీద వాడి చోటు గుర్తుపెట్టాను. తర్వాత యాప్‌లో అవే తేదీలు నడిపిస్తే నా వంకర గీత మీదుగానే వెళ్లాడు. అంత ఆనందం నాకు ఏ ఫోటో చూసినా కలగలేదు.

అదే ఏడాది డిసెంబరు 21న గురుడు, శని డిగ్రీలో పదో వంతు దూరానికి, అంటే చందమామ వెడల్పులో ఐదో వంతుకు దగ్గరయ్యారు. అంత దగ్గరగా రావడం 1623 తర్వాత అదే మొదలు. నాలుగు రోజుల ముందే యాప్‌లో సాయంత్రాన్ని పది నిమిషాల చొప్పున జరిపి చూశాను. మేడ మీద నుంచైతే చీకటి పడేలోపే రెండూ చెట్ల వెనక్కి దిగిపోతాయని తేలింది. పడమర దిక్కు తెరిపిగా ఉన్న మైదానం వెతుక్కుని అక్కడికి వెళ్లాం. తమ్ముడూ వచ్చాడు. టెలిస్కోపులో ఒకే చూపులో గురుడి చందమామలూ శని వలయమూ చూశాం. ఆ సాయంత్రం ఫోన్ బయటికి తీయలేదు. పని ముందే అయిపోయింది.

కాలం జరిపాక "ఇప్పుడు" అనే మీట నొక్కి వెనక్కి రావడం మరిచిపోవద్దు. రెండు గంటలు ముందున్న పటంతో శుక్రుడిని వెతికి సమయం పోగొట్టుకున్న సాయంత్రాలు నాకున్నాయి.

నాలుగు యాప్‌లలో ఏది ఎవరికి? మొదలుపెట్టేవాళ్లకు స్టెల్లేరియం. 2000లో ఫాబియన్ షెరో మొదలుపెట్టిన కంప్యూటర్ ప్రోగ్రామ్ నుంచి వచ్చింది ఇది. ఆకాశం నిజంగా ఆకాశంలా ఉంటుంది, సంధ్య వెలుగు కూడా సహజంగా గీస్తుంది. డబ్బు కట్టే ప్లస్ రకంలో గయా అంతరిక్ష టెలిస్కోపు తయారుచేసిన 169 కోట్ల నక్షత్రాల జాబితా ఉంది. కంటితో, బైనాక్యులర్స్‌తో చూసేవాళ్లకు అది అక్కర్లేదు. టెలిస్కోపు ఉన్నవాళ్లకు నేను చెప్పేది స్కైసఫారి. బైనాక్యులర్స్‌కో ఐపీస్‌కో (టెలిస్కోపులో కన్ను పెట్టి చూసే కటకం) ఎంత ఆకాశం కనిపిస్తుందో అంత వలయం గీసి చూపిస్తుంది, టెలిస్కోపులో తలకిందులుగానో కుడిఎడమలు మారో కనిపించే దృశ్యానికి తగ్గట్టు పటాన్ని తిప్పుకోవచ్చు. మీరాక్ అనే నక్షత్రం నుంచి రెండు చిన్న చుక్కల మీదుగా ఆండ్రోమెడా గెలాక్సీకి చేరే దారి నేను ఆ వలయం సాయంతోనే నేర్చుకున్నాను. స్కై మ్యాప్ 2009లో గూగుల్ ఉద్యోగులు చేసినది, 2012 నుంచి దాని సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంది. చిన్నది, పాత ఫోన్‌లో కూడా నడుస్తుంది. పిల్లల చేతికి ఇవ్వడానికి అదే ఉంచుకున్నాను.

నేను ఎక్కువగా కాలం జరిపి చూసేది శనిని. 2020లో టెలిస్కోపు వచ్చినప్పుడు వలయం వాలు సుమారు 22 డిగ్రీలు. 2022కు 14 అయింది. 2025 మార్చి 23న వలయం మనకు అంచు మీదుగా తిరిగింది. అప్పుడు శని సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనిపించకపోవడం వల్ల ఆ రోజును యాప్‌లోనే చూశాను. నవంబరు ఆఖరున టెలిస్కోపులో సన్నని గీతలా కనిపించింది. ఇక మెల్లగా రెండో ముఖం తెరుచుకుంటూ 2032 నాటికి బాగా విచ్చుకుంటుంది. నోట్‌బుక్‌లో ఏడాదికొక పేజీ చొప్పున అప్పటిదాకా యాప్ చూపించిన వాలును పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నాను. ప్రతి పేజీలో కింది సగం, నేను చూసింది గీయడానికి, ఖాళీగా ఉంచాను.