బరువు తగ్గే సర్జరీకి ముందూ తర్వాతా డీక్యాఫ్ ఇన్‌స్టంట్ కాఫీ: వాడాక నా అభిప్రాయం

డీక్యాఫ్, అంటే కెఫీన్ తీసేసిన ఇన్‌స్టంట్ కాఫీ పొడి, బేరియాట్రిక్ (బరువు తగ్గే) సర్జరీ చేయించుకునేవాళ్లకి పనికొచ్చే సరుకే. కాకపోతే సీసా మీద పెద్ద అక్షరాలు చూసి మనం అనుకునేంత అమాయకమైనది మాత్రం కాదు. స్లీవ్ సర్జరీకి (కడుపులో ఎక్కువ భాగం కోసి తీసేసేది) సిద్ధమవుతున్నప్పుడు మొదలుపెట్టాను, సర్జరీ అయ్యాక డాక్టరు సరే అన్న తర్వాత మళ్లీ వాడుతున్నాను, మధ్యలో బ్రాండ్లు కూడా మార్చి చూశాను. ఏ ఒక్క బ్రాండ్ పేరూ చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేది దాదాపు అన్నిటికీ వర్తిస్తుంది.

రుచి గురించి తొందరగా చెప్పేస్తా. వేడి నీళ్లలో బాగానే కరుగుతుంది, వాసన మామూలు కాఫీ కంటే తక్కువ, చేదు కాస్త పల్చగా ఉంటుంది. రోజూ స్ట్రాంగ్‌గా తాగేవాళ్లకి మొదట్లో ఏదో లోటుగా అనిపిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. రుచికి ఐదులో మూడు.

అసలు దీని విలువ తెలిసేది కెఫీన్ తగ్గించుకునేటప్పుడు. ఎప్పుడు మానాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు అనే దానిమీద డాక్టర్లందరూ ఒకే మాట చెప్పరు, కొందరు సర్జరీకి కొన్ని వారాల ముందే పూర్తిగా మానమంటారు, కొందరు తగ్గిస్తే చాలంటారు, తర్వాత కూడా కొన్ని వారాలో నెలలో ఆగమనేవాళ్లే ఎక్కువ. మీ సర్జన్ ఏది చెబితే అదే మీకు లెక్క. కానీ ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో మాత్రం చాలామందికి దాదాపు ఒకటే. ఆఖరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది, మొత్తం 2 నుంచి 9 రోజుల దాకా సాగొచ్చు, దాంతోపాటు నీరసం, చిరాకు, దేని మీదా మనసు నిలవకపోవడం. మెదడులో అడెనోసిన్ అనే పదార్థం కూర్చోవాల్సిన చోట కెఫీన్ కూర్చుని నిద్రమత్తు రాకుండా ఆపుతూ ఉంటుంది, అది లేచి వెళ్లిపోగానే అడెనోసిన్ ప్రభావం ఒక్కసారిగా మీద పడుతుంది, మెదడులోని రక్తనాళాలు వెడల్పవుతాయి, తల పగిలిపోతున్నట్టు ఉంటుంది.

ఇది ఎప్పుడు వస్తుందన్నదే ముఖ్యం. చాలామందికి సర్జరీకి ముందు లివర్ సైజు తగ్గడానికని తక్కువ క్యాలరీల డైట్ పెడతారు. ఆ ఆకలి, ఆ నీరసం ఉన్నప్పుడే కాఫీ కూడా మానేస్తే ఏ తలనొప్పి దేనివల్లో అర్థం కాదు, డైట్ మీద విరక్తి పుడుతుంది, టెన్షన్ పెరుగుతుంది. సర్జరీ రోజు దాకా తాగి ఆ రోజు ఆపితే ఇంకా కష్టం, మత్తుమందు ప్రభావం, కడుపు కోత నొప్పి, వికారం, వీటన్నిటికీ కెఫీన్ తలనొప్పి తోడవుతుంది. అందుకే ఆ డైట్ మొదలయ్యేలోపే కెఫీన్ సంగతి తేల్చుకోమని గట్టిగా చెబుతాను. ఇక్కడే ఈ పొడి గెలుస్తుంది: మూడు వంతులు మామూలు పొడి, ఒక వంతు డీక్యాఫ్‌తో మొదలుపెట్టి, కొన్ని రోజులకి సగం సగం, తర్వాత ఒక వంతుకి మూడు వంతులు, చివరికి మొత్తం డీక్యాఫ్. కప్పు అదే, పొద్దున్నే చేతిలో ఆ వేడి అదే, లోపల కెఫీన్ మాత్రం మెల్లగా దిగిపోతుంది. ఈ పనికి ఐదుకి ఐదు ఇస్తాను, ఏ వెలితీ లేదు.

తలనొప్పి వచ్చినా ఇంట్లో కనిపించిన మాత్ర వేసేసుకోవద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సర్జరీ తర్వాత, ముఖ్యంగా గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపుని చిన్నది చేసి పేగుకి కలిపే సర్జరీ) చేయించుకున్నవాళ్లకి, కడుపుని పేగుతో అతికించిన చోట పుండు పడే ప్రమాదాన్ని పెంచుతాయి, సర్జరీకి ముందు కూడా వాటి గురించి డాక్టర్ని అడగాల్సిందే. ఇంకో సంగతి చాలామంది గమనించరు, కొన్ని తలనొప్పి మాత్రల్లో పారాసెటమాల్‌తో పాటు కెఫీన్ కూడా కలుపుతారు, మాత్రకి 65 మిల్లీగ్రాములు ఉన్నవి దొరుకుతాయి. కాఫీ మానేశామని అనుకుంటూ మాత్ర రూపంలో మింగుతుంటే మానినట్టెలా అవుతుంది? మాత్రల అట్ట వెనక్కి తిప్పి చదవండి.

ఇక లేబుల్ గురించి, నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే. డీక్యాఫ్ అంటే కెఫీన్ సున్నా అని కాదు. యూరప్ నిబంధనల ప్రకారం ఇన్‌స్టంట్ డీక్యాఫ్ పొడిలో కెఫీన్ 0.3 శాతం మించకూడదు, అంటే 2 గ్రాముల పొడి వేసుకుంటే ఎక్కువలో ఎక్కువ 6 మిల్లీగ్రాములు. 240 మిల్లీలీటర్ల మామూలు కాఫీలో సుమారు 95 ఉంటుంది కాబట్టి ఇది చాలా తక్కువే, భయపడాల్సింది కాదు. కానీ నేను చూసిన ఏ సీసా మీదా కప్పుకి ఎన్ని మిల్లీగ్రాములో ముద్రించలేదు. సర్జరీ తర్వాత రోజుకి ఎంత తాగామో, ఎంత ప్రొటీన్ పడిందో ప్రతిదీ రాసుకుంటున్న మనిషికి ఆ ఒక్క అంకె ఇవ్వడానికి ఏమవుతుంది? కెఫీన్ ఏ పద్ధతిలో తీశారో కూడా సగం మంది రాయరు. నీళ్లతో తీయొచ్చు, కార్బన్ డయాక్సైడ్‌తో తీయొచ్చు, ఇథైల్ ఎసిటేట్, మిథిలీన్ క్లోరైడ్ లాంటి రసాయన ద్రావకాలతోనూ తీయొచ్చు. మిథిలీన్ క్లోరైడ్‌కి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వేయించిన డీక్యాఫ్ కాఫీలో 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) దాటకూడదని హద్దు పెట్టింది. 1900ల మొదట్లో జర్మనీలో లుడ్విగ్ రోజెలియస్ డీక్యాఫ్‌ని వ్యాపారంగా మొదలుపెట్టినప్పుడు బెంజీన్ వాడారు, అది క్యాన్సర్ కారకమని తర్వాత తేలింది. ఇప్పుడు బెంజీన్ వాడరు, అయినా పద్ధతి తెలుసుకునే హక్కు కొనేవాళ్లకి ఉంది. లేబుల్‌కి ఐదులో ఒకటి.

కెఫీన్ తీసేశారు కదా, ఇంకేం ఇబ్బంది ఉంటుందనుకునేవాళ్లకి రెండు విషయాలు చెప్పాలి. మొదటిది యాసిడ్. కడుపులో ఆమ్లాన్ని పెంచేది కెఫీన్ ఒక్కటే కాదు, డీక్యాఫ్ కాఫీ కూడా పెంచుతుంది. స్లీవ్ తర్వాత కడుపు సన్నటి గొట్టంలా మిగిలి లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, గుండెల్లో మంట చాలామందికి మొదలవుతుంది, ఉన్నవాళ్లకి పెరగొచ్చు. నాకు ఖాళీ కడుపుతో తాగితే మంట తెలిసిపోతుంది, అదే పల్చగా కలిపి, గోరువెచ్చగా, చిన్న గుక్కల్లో తాగితే ఏమీ ఉండదు. మీకు రోజూ మంట ఉంటే ఈ పొడి మీ సమస్యకి జవాబు కాదు, డాక్టరుకి చెప్పాల్సిన మాట అది.

రెండోది ఐరన్, నా దృష్టిలో ఇది యాసిడ్ కంటే పెద్ద విషయం, ఎందుకంటే మంట అయితే తెలుస్తుంది, ఐరన్ తగ్గిపోవడం తెలియదు. సర్జరీ తర్వాత శరీరం ఐరన్ పీల్చుకోవడమే తగ్గుతుంది, బైపాస్‌లో మరీ. కాఫీలోని పాలీఫినాల్స్ అనే సహజ పదార్థాలు ఐరన్‌ని పట్టేసుకుంటాయి, ఇవి డీక్యాఫ్‌లోనూ ఉంటాయి. 1983లో అచ్చయిన ఒక పరిశోధనలో భోజనంతో పాటు తాగిన కప్పు కాఫీ ఐరన్ పీల్చుకోవడాన్ని 39 శాతం తగ్గించిందని, భోజనం అయ్యాక గంటకి తాగినా అంతే తగ్గిందని, గంట ముందు తాగితే మాత్రం తగ్గలేదని తేలింది. కాబట్టి ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే డీక్యాఫ్ తాగడం అంటే ఆ మాత్రలో కొంత పారేసుకోవడమే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు కూడా కాఫీని దానికి దూరం పెట్టాలి. నేను మాత్రల వేళలు ముందు రాసుకుని, వాటి మధ్య ఖాళీలో కాఫీ పెట్టుకుంటాను.

పాలపొడి, చక్కెర ముందే కలిపి అమ్మే డీక్యాఫ్ సాషేలు అస్సలు వద్దు. తాగే చక్కెర చిన్న కడుపులోంచి జర్రున జారిపోతుంది, బైపాస్ వాళ్లకైతే డంపింగ్ (తిన్నది మరీ వేగంగా పేగులోకి జారిపోవడం) వచ్చి చెమటలు, గుండె దడ, విరేచనాలు పట్టుకుంటాయి. విడి పొడే కొనండి, పాలు, ప్రొటీన్ పౌడరు ఏది కలపాలన్నా లెక్క మీ చేతిలో ఉంటుంది. రోజుకి తాగాల్సిన లీటరున్నర నీళ్లలో దీన్ని కూడా లెక్కేసుకోవచ్చా అని మీ డైటీషియన్‌ని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు, కానీ భోజనంతో పాటు మాత్రం ఏ ద్రవమూ వద్దంటారు.

కొనాలనుకుంటే అన్నిటికంటే చిన్న సీసా తీసుకోండి. సర్జరీ తర్వాత నాలుక, ముక్కు మారిపోతాయి, అంతకుముందు ఇష్టంగా తాగిన కాఫీ వాసనకే కొందరికి వికారం వస్తుంది, వారాల తర్వాత గానీ సర్దుకోదు. ఆలోపు మూత తీసిన పెద్ద సీసా తేమ పీల్చి గడ్డకట్టిపోతుంది.