నడుం నొప్పికి వెళ్లి ఇమ్యూనిటీ మాట నమ్మాను: రెండేళ్ల కైరోప్రాక్టిక్ అనుభవం

నా నడుం నొప్పి తగ్గింది, అది ముందే చెప్పేస్తున్నాను. రోజూ గాజువాక నుంచి సిరిపురం దాకా స్కూటర్ మీద వెళ్లి రావడం, ఆఫీసులో ఎనిమిది గంటలు కుర్చీలోనే ఉండడం. సాయంత్రానికి నడుం పట్టేసి చెప్పులు వేసుకోవడానికి వంగాలన్నా భయమేసేది. ఊళ్లోనే ఒక కైరోప్రాక్టిక్ (చేతులతో వెన్నుపూసల్ని నొక్కి సరిచేసే పద్ధతి, ఆ నొక్కడాన్నే అడ్జస్ట్‌మెంట్ అంటారు) క్లినిక్‌లో మూడో సిట్టింగ్‌కే ఆ పట్టు వదిలింది. మెటికలు విరిచినట్టు వెన్నులో టకటకమని చప్పుడొచ్చి, బల్ల దిగేసరికి ఒళ్లు తేలికైపోయేది. తెలిసినవాళ్లందరికీ చెప్పాను. మా బావగారిని కూడా అక్కడికే పంపాను.

నా బాధంతా వాళ్లు చెప్పిన ఇంకో మాట గురించి. క్లినిక్ గోడ మీద వెన్నెముక బొమ్మ ఉండేది, ఒక్కో పూస నుంచి ఒక్కో అవయవానికి గీత. పూస పక్కకి జరిగితే నరం నొక్కుకుంటుంది, దాంతో ఇమ్యూనిటీ పడిపోతుంది, నెలకి రెండుసార్లు సరిచేయించుకుంటే జ్వరాలు దగ్గరికి రావు అనేవారు. నా నొప్పి తగ్గించిన మనిషి చెబుతుంటే ఎందుకు నమ్మను? నొప్పి లేకపోయినా పన్నెండు సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టేశాను.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం చలి మొదలైంది. కళ్ల వెనక నొప్పి, నడుం విరిగిపోతున్నట్టు పోటు. "రక్తపరీక్ష చేయిద్దామండీ, వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చింది" అంది మా ఆవిడ. గుంతల రోడ్డు మీద తిరిగి పాత నొప్పే తిరగబెట్టిందని నేను వినలేదు. ఇంట్లో ఉన్న పాత నొప్పి మాత్ర వేసుకుని, మర్నాడు క్లినిక్‌కి వెళ్లాను. ఒళ్లు కాలుతోందని అక్కడ గమనించారు కూడా. "పర్లేదు సార్, అడ్జస్ట్‌మెంట్ చేస్తే ఇమ్యూనిటీ లేస్తుంది, రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది" అన్నారు. సోమవారం ఒకటి, బుధవారం ఒకటి చేయించుకున్నాను.

గురువారం పొద్దున నిజంగానే జ్వరం దిగింది. క్లినిక్‌కి ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పాను. ఆ రాత్రే కడుపులో నొప్పి, ఆగని వాంతులు, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు. తెల్లవారకముందే ఆస్పత్రికి తీసుకెళ్లారు. డెంగీ, ప్లేట్‌లెట్స్ 31 వేలు. డెంగీలో జ్వరం దిగే సమయమే ప్రమాదమనీ, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి బీపీ పడిపోవచ్చనీ డాక్టరుగారు చెప్పారు. నొప్పి మాత్ర సంగతి వినగానే ఆవిడ ముఖం మారిపోయింది. డెంగీలో పారాసిటమాల్ తప్ప అలాంటివి వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుందట. నాలుగు రోజులు సెలైన్ మీద ఉన్నాను. మా ఆవిడ కుర్చీలోనే నిద్రపోయింది. "మొదటి రోజే పరీక్ష చేయించి ఉంటే" అని ఒక్కసారి కూడా అనలేదు, నాకు అదే ఎక్కువ బాధ.

ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. ఈ విద్యని 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో మొదలుపెట్టిన డి.డి. పామర్, జబ్బుల్లో 95 శాతం పూసలు జరగడం వల్లే వస్తాయని రాశాడు. గోడ మీది బొమ్మ వెనకున్న ఆలోచన అదే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కూడా కొందరు ఇమ్యూనిటీ పేరు చెప్పి ప్రచారం చేస్తే, కైరోప్రాక్టర్ల ప్రపంచ సమాఖ్యే అందుకు నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది. 2021లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష కూడా ఆ ఆధారం కోసమే వెతికింది. అడ్జస్ట్‌మెంట్ తర్వాత రక్తంలో కొన్ని పదార్థాల మోతాదు కాసేపు మారినట్టు కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది, అంతే. దాని వల్ల ఇన్ఫెక్షన్లు రాకుండా ఆగాయని చూపిన అధ్యయనం దొరకలేదు. వాళ్ల సొంత సమాఖ్య కాదన్న మాటని, ఒళ్లు కాలుతున్న మనిషికి ఎలా చెప్పగలిగారు?

నడుం సంగతి కూడా ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ఆ టకటక చప్పుడు పూస సర్దుకోవడం కాదు, కీలు మధ్య ద్రవంలో గ్యాస్ బుడగ ఏర్పడడం వల్ల వచ్చేది. క్లినిక్‌కి వెళ్లిన నెలలోనే ఆఫీసులో కుర్చీ మార్చారు, ఒక ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామాలూ మొదలుపెట్టాను. ఆస్పత్రి నుంచి వచ్చి ఐదు నెలలు, ఒక్క సిట్టింగ్ లేదు. వ్యాయామాలు మానలేదు, నడుం బాగానే ఉంది.

నా ఎమ్మారైలో డిస్క్ సమస్య లేదు, కాళ్లలో తిమ్మిరి లేదు. అవి ఉన్నవాళ్లు నా అనుభవం చూసి ఏదీ నిర్ణయించుకోవద్దు. మెడ మీద మాత్రం ఇక చేయించుకోను. అరుదే అయినా, అక్కడి రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి. ప్యాకేజీలో ఐదు సిట్టింగులు మిగిలాయి, డబ్బు అడిగాను, ఇంకా ఇవ్వలేదు. బావగారు నడుం కోసం ఇప్పటికీ వెళ్తున్నారు, ఆయనకి హాయిగా ఉందట. వద్దనలేదు. ఒళ్లు వెచ్చగా ఉన్న రోజు మాత్రం అటు కాకుండా ల్యాబ్‌కి వెళ్లమని చెప్పాను.